మద్దిలేటి కాపలా కాసిన దీపం

కరోనా రావడానికి ముందటి ఏడాది ఆషాఢంలో నేను ఒక బాయిలర్ల కంపెనీకి కర్నూలు సర్వీసు కేంద్రంలో సీనియర్ సర్వీసు ఇంజనీరుగా ఉన్నాను. కర్నూలు, కడప రెండు జిల్లాలూ నా పరిధి. హాస్టళ్లు, ఆస్పత్రులు, పాలకేంద్రాలు, అద్దకం షెడ్లు, ఎక్కడ మా బాయిలరు మొరాయించినా సంచి భుజాన వేసుకుని బస్సెక్కాల్సింది నేనే. హోదాలో సీనియర్ అనే మాట ఉండేది గానీ నా కింద జూనియర్ అనేవాడు ఏనాడూ లేడు.

ఆ నెల మొదట్లో బద్వేలు దగ్గరి ఒక చేనేత ఊరి నుంచి ఫోను వచ్చింది. చేసినావిడ పేరు ఓబులమ్మ. చిలపలకు, అంటే నూలు కట్టలకు, రంగులద్దే షెడ్డు ఆవిడది. ఆ ఊళ్లో మగ్గాలన్నిటికీ రంగు నూలు ఆ షెడ్డు నుంచే వెళ్లాలి. శ్రావణమాసం చీరలకు గిరాకీ ముదిరే రోజులు కాబట్టి ఆవిడ గొంతులో తొందర ఉంది. "దీపం కొండెక్కుతాంది సార్. పొద్దున అంటిస్తే నిలబడదు. మళ్ల అంటిస్తే మళ్ల కొండెక్కుతాంది," అంది. ఆవిడ దీపం అన్నది పైలట్ మంటను. ఆరిపోయిందన్న అశుభం మాట నోట రానివ్వదు. నేను మాత్రం ఫిర్యాదుల పుస్తకంలో "పైలట్ ఆరిపోవుచున్నది" అని రాసుకున్నాను. కంపెనీకి శుభాశుభాలు పట్టవు.

ఈ పైలట్ సంగతి కొంచెం చెప్పాలి. పాతరకం గ్యాస్ బాయిలర్లలో పెద్ద మంటను ముట్టించడానికి పక్కనే చిటికెన వేలంత చిన్న మంట ఎప్పుడూ వెలుగుతూ ఉంటుంది. దాని మొనలో థర్మోకపుల్ అనే సన్నటి కడ్డీ ఉంటుంది. మంట తగిలి కడ్డీ వేడెక్కితే అందులో రవ్వంత కరెంటు పుడుతుంది. ఆ రవ్వంత కరెంటే గ్యాసు వాల్వును తెరిచి పట్టుకుంటుంది. మంట ఆరిందా, కడ్డీ చల్లబడుతుంది, కరెంటు పోతుంది, వాల్వు టక్కున మూసుకుంటుంది. లేకపోతే మండని గ్యాసు గదిలో నిండుతుంది. వంటగ్యాసు గాలికన్నా బరువు కాబట్టి పైకి పోదు, నేలమీదే మడుగు కట్టి నిప్పురవ్వ కోసం కాచుకుంటుంది. ఇన్నేళ్లు రకరకాల యంత్రాలతో వేగాను గానీ ఇంత తక్కువ సరంజామాతో ఇంత పెద్ద పని చేసేది మరొకటి నాకు కనిపించలేదు.

ఓబులమ్మ బాయిలరు కొత్తది కాదు. బెంగళూరులో ఏదో హోటలు అమ్మేస్తే మా కంపెనీ బాగుచేసి ఆవిడకిచ్చింది. చలికాలంలో నేనే వెళ్లి బిగించాను. అంతకుముందు షెడ్డులో కట్టెల పొయ్యిలే. ఆ పొగకు ఊపిరితిత్తులు పాడై భర్త చనిపోయాడని, అందుకే ఉన్నదంతా ఊడ్చి గ్యాసు పెట్టించుకున్నానని బిగించిన రోజే చెప్పింది. బాయిలరు చూసుకోవడానికి తమ్ముడు మద్దిలేటిని పెట్టుకుంది. నలభై దాటిన మనిషి. ఒకప్పుడు బాగా తాగేవాడట. గంగమ్మ గుడి ముందు ఒట్టేసి మానేశాడట. ఆ రోజు అతనికి ముట్టించే పద్ధతి, ఆర్పే పద్ధతి నేర్పి, ఈ వాల్వును ఎవరినీ ముట్టుకోనివ్వవద్దని, దాన్ని తప్పించి గ్యాసు పోనిస్తే గది లేచిపోతుందని చెప్పాను. ప్రతి ఊళ్లో ప్రతి ఆపరేటరుకూ చెప్పే మాటే అది. తలూపనివాడు ఉండడు, గుర్తుంచుకునేవాడు అరుదు.

ఆ ఫిర్యాదు మీద మొదటిసారి వెళ్లినప్పుడు కర్నూలు నుంచి పొద్దున బస్సెక్కితే ఆ ఊరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. బాయిలరు గది వీధి వైపు ఉంటుంది. తలుపు బార్లా తెరిచి ఉంది, పైలట్ నీలంగా, నిటారుగా, బుద్ధిమంతుడిలా వెలుగుతోంది. ఇలాంటి జబ్బులే మాకు తలనొప్పి. పంటినొప్పి డాక్టరు గుమ్మం తొక్కగానే మాయమైనట్టు, మేం గడపలో కాలు పెట్టగానే యంత్రాలు బాగుపడిపోతాయి. అయినా పద్ధతి పద్ధతే. పైలట్ జెట్టు విప్పి రంధ్రం శుభ్రం చేశాను. థర్మోకపుల్ మార్చాను. గ్యాసు పీడనం కొలిచాను, సరిగానే ఉంది. బిగించిన తర్వాత ఏమైనా మార్చారా అని అడిగాను. ఏమీ మార్చలేదని ఓబులమ్మ, మద్దిలేటి ఇద్దరూ చెప్పారు. ఆ చెప్పడంలో దాపరికం లేదని ఇప్పటికీ అంటాను.

వారం తిరక్కుండా మళ్లీ ఫోను. ఈసారి ఆషాఢ గాలి మీద నా అనుమానం. ఆ నెలలో రాయలసీమలో గాలి ఎలా వీస్తుందో తెలిసిందే, నిలబడిన మనిషి చొక్కా ఊడదీస్తుంది. పొగగొట్టంలోంచి గాలి కిందికి తన్ని మంటను ఆర్పుతోందేమోనని, గొట్టానికి రేకు టోపీ ఒకటి చేయించి తీసుకెళ్లి బిగించాను. అప్పుడూ మధ్యాహ్నమే. అప్పుడూ దీపం బుద్ధిగానే ఉంది.

ఆ రెండో ప్రయాణంలో ఓబులమ్మ నన్ను పక్కకు పిలిచి అసలు బాధ చెప్పింది. లోపం బాయిలరుది కాదని ఆవిడ అప్పటికే తేల్చుకుంది. "వాడు మళ్ల మొదలుపెట్టినాడు సార్. పొద్దున కండ్లు ఎర్రగుంటాయి. మాట తడబడతాది. నడిస్తే తూలతాడు. ఆ మత్తులో ఏ మరనో తిప్పేస్తాండాడు, దీపం పోతాండాది." రోజూ పొద్దున పనివాళ్ల ముందే తమ్ముడి నోరు వాసన చూస్తోందట. వాసన రావడం లేదట. ఏం నమిలి కప్పిపుచ్చుతున్నాడో అర్థం కావడం లేదట. శ్రావణం తొలి శుక్రవారం వరకే చూస్తానని, ఆ తర్వాత వాణ్ణి వేంపల్లెలో చిన్నాయన చీనీతోట పనికి తోలేసి, తాను మళ్లీ కట్టెల పొయ్యి పెట్టుకుంటానని చెప్పింది.

ఇంకో మాట కూడా చెప్పింది. వారం కింద గ్యాసు పొయ్యిలు బాగుచేసే మెకానిక్‌ను ఒకణ్ణి పిలిపించారట. అతను చూసి, ఈ వాల్వే చాదస్తపుదని, దాన్ని తప్పించి నేరుగా పైపు కలిపేస్తే దీపంతో పనే ఉండదని, పావుగంట పని అని చెప్పాడట. మద్దిలేటి బాయిలరుకు అడ్డంగా నిలబడ్డాడు. సారు చెప్పిపోయినాడు, సారు వచ్చి విప్పితే విప్పనీ, నేను మాత్రం ముట్టనియ్యను అన్నాడట. అక్క తిట్టింది, చుట్టూ చేరినవాళ్లు తాగుబోతు మొండితనం అన్నారు. అతను కదల్లేదు.

ఆ మాట విన్నాక బస్సులో నాకు కునుకు పట్టలేదు. వాల్వు తప్పిస్తే దీపం గొడవ తీరేది, అతని మీద నింద కూడా ఆ పూటతో పోయేది. తాగి మరలు తిప్పేవాడైతే ఆ పైపు కలపడానికి తానే ముందుండాలి. ఎదురుగా ఉన్న ఆ తేలికదారి వదిలేసి, తన పరువు తీస్తున్న యంత్రానికే కాపలా కాస్తున్నాడంటే, లెక్క ఎక్కడో కుదరడం లేదు. నా ముప్పై ఏళ్ల సర్వీసులో నేను చెప్పిన జాగ్రత్తను ఇంత ఖరీదు చెల్లించి పాటించిన ఆపరేటరు మరొకడు లేడు. చూస్తే పొద్దున చూడాలని నిశ్చయించుకున్నాను.

మూడోసారి ముందురోజే వెళ్లి బద్వేలులో లాడ్జిలో దిగాను. తెల్లవారగానే ఆటో ఎక్కాను. ఓబులమ్మ వీధి మొదట్లోకి రాగానే ఆటో అతను నేను చెప్పకుండానే ఇంజను ఆపేసి, ఇక్కడి నుంచి నడవాలన్నాడు.

వీధి ఆ కొస నుంచి ఈ కొస దాకా పడుగు చాపి ఉంది. చీరకు నిలువుగా ఉండే దారాలను పడుగంటారు. నూలు పడుగును మగ్గానికి ఎక్కించే ముందు ఇలా వీధిలో బారుగా సాగదీసి, గంజి పట్టించి, పొడుగాటి కుంచెలతో దువ్వుతారు. మగవాళ్లు, ఆడవాళ్లు రెండు వైపులా నిలబడి ఒకే అడుగుగా ముందుకీ వెనక్కీ నడుస్తున్నారు. ఎవరూ కేకలు వేయడం లేదు. వీధికి రెండు పక్కలా ప్రతి ఇంటి తలుపూ మూసి ఉంది, ప్రతి కిటికీ మూసి ఉంది. ఊడ్చేవాళ్లు లేరు, నీళ్లు చల్లేవాళ్లు లేరు. ఒక ముసలాయన నా బూట్లకేసి చూసి, "ఏమప్పా, కాలు మెల్లగా ఎయ్యి. దుమ్ము లేస్తాది," అన్నాడు. ఆయన పేరు పెద్దవీరన్న అని, ఆ వీధికి పెద్ద అని తర్వాత తెలిసింది.

నేను తలుపులు చూస్తున్నానని గమనించి ఆయనే చెప్పాడు. గంజి తడి మీద దుమ్ము పడితే దారం ముళ్లు పడుతుంది, మగ్గం మీద తెగుతుంది, ఒక ఇంటి నెలల కష్టం నాశనం. అందుకని ఎవరి పడుగు బయటికొచ్చినా, అది ఆరి చుట్టేదాకా వీధిలో ఎవరూ తలుపు తెరవరు. గాలి కాలమైతే సందుల్లో గుడ్డలు కూడా కుక్కుతారు. "మాటల్లేకుండా ఉండేవాళ్లయినా సరే, పడుగు కాడ మాత్రం తలుపు ఏస్తారు," అన్నాడు. ఎవరూ చెప్పక్కర్లేదు, ఎవరూ అడగక్కర్లేదట. నాకు భలే ముచ్చటేసింది. ఇంత క్రమశిక్షణ నేను పెద్ద పెద్ద ఫ్యాక్టరీలలో చూడలేదు, బోర్డులు వేలాడదీసిన చోట అసలే చూడలేదు.

వెనక సందులోంచి ఓబులమ్మ పెరట్లోకి వెళ్లాను. పెరటి వైపు నుంచి బాయిలరు గదికి ఇంకో చిన్న తలుపు ఉంది. అదీ మూసి ఉంది. తోసి లోపలికి వెళ్లాను. వేడి ముఖాన కొట్టింది. వీధి తలుపు మూసి, దాని కింద సందులో పాతచీర కుక్కి ఉంది. తలుపు మీది వెంటిలేటరుకు తడిపిన గోనెపట్టా కట్టి ఉంది. బాయిలరు ముందు ముక్కాలిపీట మీద మద్దిలేటి కూర్చుని ఉన్నాడు. దీపం ఎప్పుడు పోతుందోనని, పోగానే పద్ధతి ప్రకారం ముట్టించాలని దాన్నే చూస్తున్నాడు. నన్ను చూసి లేవబోయి గోడ పట్టుకున్నాడు.

"తలుపు ఎయ్యండి సార్. పడుగు చాపినారు," అన్నాడు.

ఆ ఒక్క మాటతో నా లెక్క కుదిరింది. వంగి మంట చూశాను. నీలంగా నిటారుగా ఉండాల్సిన పైలట్ పసుపుపచ్చగా, మెత్తగా, కడ్డీని వదిలి పైకి తేలుతోంది. ఊపిరాడని మంట అలాగే ఉంటుంది. గోడకున్న దేవుడి పటం దగ్గర వెలుగుతున్న అగరుబత్తి తీసి, బాయిలరు నుంచి పొగగొట్టం మొదలయ్యే మూతి దగ్గర పెట్టాను. మామూలుగా అయితే ఆ పొగ గొట్టంలోకి పీల్చుకుపోవాలి. అది తిరిగి నా ముఖం మీదికి వచ్చింది. అంటే కాలిన వాయువంతా బయటికి పోకుండా గదిలోకే దిగుతోంది. నేను గ్యాసు కట్టబోయేలోపే వాల్వు టక్కుమని తనంతట తానే మూసుకుంది.

మద్దిలేటి జబ్బ పట్టుకుని పెరట్లోకి లాక్కొచ్చాను. నాలుగడుగులు వేసి అతను కూలబడి వాంతి చేసుకున్నాడు. చిలపలు పిండుతున్న పనివాళ్లు చూసి ముఖాలు తిప్పుకున్నారు. ఓబులమ్మ పరుగున వచ్చింది. వచ్చి, అలవాటు చొప్పున, వాసన చూడటానికి తమ్ముడి ముఖం మీదికి వంగింది.

నేను చెయ్యి అడ్డం పెట్టాను. "వాసన లేనిదమ్మా ఇది," అన్నాను. "మీవాడు తాగలేదు. ఆ గది తాగించింది."

చాలినంత గాలి అందక మండే మంట కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును పుట్టిస్తుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. తలనొప్పి, వాంతి, తూలడం, మాట తడబడటం, అన్నీ తాగినవాడి లక్షణాలే. ఎక్కువైతే మనిషి కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోతాడు. బద్వేలు ఆస్పత్రికి ఆటోలో వెళుతుంటే, తలనొప్పి సంగతి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని మద్దిలేటిని అడిగాను. "ఎట్ల చెప్పేది సార్? తలనొప్పి, కడుపులో తిప్పుడు అంటే ఇంగ తాగినట్టే గదా. ఉన్న పనీ పోతాదని నోరు మూసుకుంటి," అన్నాడు. దీపం ఎక్కువసార్లు పోయేకొద్దీ తన తప్పు లేదని నిరూపించుకోవడానికి ఆ గదిలోనే మరింతసేపు కూర్చున్నాడు. కూర్చున్నకొద్దీ మరింత తూలాడు.

ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టారు. డాక్టరమ్మ నేను చెప్పింది విని, రక్తం పరీక్షించి, మంచివేళ తీసుకొచ్చారంది. ఓబులమ్మ మంచం పక్కన నిలబడి ఏడ్చింది. "నా మొగుణ్ణి పొగ మింగె. అది వద్దని గ్యాసు పెట్టుకుంటి. నా తమ్ముణ్ణి నేనే పొగలో కూసోబెట్టి, తాగినావా అని వాసన చూస్తి," అంది. మద్దిలేటి ముఖానికి మాస్కు ఉంది, మాట్లాడలేడు. అక్క చెయ్యి పట్టుకుని వదల్లేదు. నేను బయటికి వెళ్లి టీ తాగి వచ్చాను.

మా పనిలో అనుమానం చాలదు, కొలత కావాలి. మర్నాడు కర్నూలు నుంచి విషవాయువు మీటరు బస్సు పార్శిల్లో తెప్పించి, మనుషులెవరూ లేకుండా ఆ గదిని పడుగు పూటలాగే మూసి, బాయిలరు వెలిగించి, మీటరు లోపల పెట్టి బయట నిలబడ్డాను. పెద్దవీరన్నతో సహా వీధి వీధంతా వచ్చి నిలబడింది. కాసేపటికి లోపల మీటరు గీపెట్టడం మొదలైంది. కాసేపుంటే దీపం పోయి వాల్వు మూసుకున్న చప్పుడు కూడా వినిపించింది. చలికాలంలో గాలి ఉండదు కాబట్టి వీధి తలుపు ఒక్కటే మూసేవాళ్లు, వెంటిలేటరు తెరిచే ఉండేది. ఆషాఢం గాలి మొదలయ్యాక గోనెపట్టా వచ్చింది, సందులో చీర వచ్చింది. పెరటి తలుపు తీస్తే గాలి అటు నుంచి దూరి ఇటు దుమ్ము రేపుతుందని అదీ మూశారు. ఏమైనా మార్చారా అని నేనడిగితే వాళ్లకు ఇదేదీ తోచలేదు. పడుగుకు తలుపు వేయడం వాళ్ల దృష్టిలో ఒక పని కాదు, మర్యాద. ఇంటికొచ్చినవాళ్లకు మంచినీళ్లిచ్చామని ఎవరైనా లెక్క చెబుతారా?

ఆ దీపం రోజూ ఆరిపోయింది కాబట్టే మంట ఆగి, విషం ఆగి, మద్దిలేటి బతికాడని వాళ్లకు చెప్పాను. మెకానిక్ చెప్పినట్టు వాల్వు తప్పించి ఉంటే మొదటి పడుగు రోజే శవం లేచేదని కూడా చెప్పాను. దాన్ని ముట్టనివ్వనివాడు ఎవరో వాళ్లందరికీ తెలుసు. పెద్దవీరన్న ముందుకొచ్చి తన చేతులతోనే వెంటిలేటరుకున్న గోనెపట్టా పీకేశాడు. "పడుగు మీద దుమ్ము పడితే దులుపుకుంటాం. లేకుంటే ఇంగో పడుగు పోసుకుంటాం. మనిషిని యాడ తెచ్చేది?" అన్నాడు. ఆ తర్వాత పెరట్లోకి వెళ్లి, ఆ పొద్దునే ఆస్పత్రి నుంచి వచ్చి కూర్చున్న మద్దిలేటి ముందు చేతులు జోడించి, "నేను గూడా తాగుబోతంటి నాయనా. తప్పు," అన్నాడు. మద్దిలేటి కంగారుపడి ఆ చేతులు పట్టుకుని దించేశాడు.

వీధి మర్యాద పోవడం నాకు ఇష్టం లేదు. రెండు రోజులు ఉండి పెరటి గోడ అడుగున రంధ్రం కొట్టించి, బాయిలరు పాదం దాకా గాలి గొట్టం వేయించాను. దానికి జల్లెడే పెట్టాను, మూత పెట్టలేదు, మూయాలన్నా మూయడానికి వీల్లేకుండా. వేడిగాలి పోవడానికి కప్పులోంచి పైకి ఇంకో దారి తీయించాను. వీధి తలుపుకు సందుల్లేని చట్రం బిగించాం. మళ్లీ పడుగు చాపిన పొద్దున వీధి తలుపులన్నీ ఎప్పటిలాగే మూసుకున్నాయి, ఓబులమ్మది కూడా. లోపల అగరుబత్తి పొగ గొట్టంలోకి సూటిగా పీల్చుకుపోయింది. మద్దిలేటి వేంపల్లె వెళ్లలేదు. నేను రిటైరయ్యేదాకా ఆ బాయిలరు నుంచి దీపం ఫిర్యాదు మళ్లీ రాలేదు.

ఈ కేసు తర్వాత మా కేంద్రంలో తనిఖీ పద్ధతి మార్చాను. పైలట్ ఆరిపోతోందని ఫిర్యాదు వస్తే జెట్టు, థర్మోకపుల్, పీడనం చూసే ముందు, ఆరిపోయే వేళకే అక్కడ ఉండాలని, ఆ వేళ ఏ తలుపులు మూస్తారో కళ్లారా చూడాలని రాసి పెట్టాను. మార్చారా అని అడిగితే జనం యంత్రంలో మార్చింది చెబుతారు, బతుకులో రోజూ చేసేది చెప్పరు. అందుకని ఫోనులో నేను అడిగే మొదటి ప్రశ్న కూడా మారింది. జెట్టు సంగతి తర్వాత. బాయిలరు ముందు కూర్చునే మనిషికి తలనొప్పి వస్తోందా?